కొండ సైకిలు: ముందు గాలి, తర్వాత డాలర్లు

తెనాలిలో మా వీధి చివర ఒక సైకిల్ షాపు ఉండేది. గంటకి రెండు రూపాయలిచ్చి అక్కడ చిన్న సైకిలు అద్దెకు తీసుకునేవాళ్ళం. ఏడాదికోసారి మా నాన్నగారి సైకిలుకి ఓవరాయిలింగు కూడా అక్కడే. షాపతను బండిని తలకిందులుగా నిలబెట్టి, బాల్సులు విప్పి కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, రిమ్ముల బెండు తీసి, ఆఖరున టైర్లలో గాలి కొట్టేవాడు. బొటనవేలితో నొక్కి చూసి "ఇంక తీసుకెళ్ళండి" అనేవాడు. ఆ సైకిలుకి మనం మార్చుకోగలిగిన సెట్టింగులు రెండే: సీటు ఎత్తు, టైర్లో గాలి.

పాతికేళ్ళ తర్వాత వాంకూవర్‌లో నేను కొన్న మౌంటెన్ బైకుకి అలాంటివి పదిహేను దాకా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా సరిచూసుకోకుండా మూడు నెలలు తొక్కాను. నవంబరులో ఒక తడి రోజున సీమోర్ కొండ మీద ముందు చక్రం ఒక చెట్టువేరు మీద నుంచి పక్కకి ఎగిరింది. నేను ఎడమచేతి మీద పడ్డాను. మణికట్టు ఎముక విరిగింది, ఆరు వారాలు కట్టు. ఎక్స్‌రేకి, కట్టుకి జేబులోంచి తియ్యక్కర్లేదు గానీ, నాలాంటి కన్సల్టెంటుకి గంటల లెక్కన డబ్బు. పని చెయ్యని గంటకి రాబడి లేదు. ఆ నెలలో ఒక రిలీజు మొత్తం ఒంటిచేత్తో టైపు చేశాను. "ఆ బండి అమ్మేస్తారా, లేకపోతే నేనే అమ్మెయ్యనా?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

చివరికి బండి అమ్మలేదు. ఎందుకు పడ్డానో తెలుసుకుందామని కూర్చున్నాను. తేలినదేమిటంటే, తప్పు బండిది కాదు. కొన్న వస్తువుల్లో నాణ్యత లోపమూ కాదు. దానిలో ఉన్న సెట్టింగులు నావి కావు, అంతే. ఆ ఆరు వారాల్లోనూ తరవాతా నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఫుల్ సస్పెన్షను బైకు కొన్నవారికి, కొనబోతున్నవారికి పనికొస్తుందని నా ఆశ.

ఏమిటీ బండి?

ముందు ఫోర్కులో మాత్రమే స్ప్రింగు ఉన్న సైకిలుని హార్డ్‌టెయిలు అంటారు. వెనక చక్రానికి కూడా షాకు ఉంటే అది ఫుల్ సస్పెన్షను. చక్రం ఎంత దూరం పైకి కదలగలదో దాన్ని ట్రావెలు అంటారు. ఇది సుమారు 120 నుంచి 150 మి.మీ. మధ్య ఉన్నవి ట్రెయిలు బైకులు. అంతకు తక్కువైతే క్రాస్ కంట్రీ, ఎక్కువైతే ఎండ్యూరో, 200 మి.మీ. దగ్గరికి వస్తే డౌన్‌హిల్. ట్రెయిలు బైకు మధ్యే మార్గం: కొండ పైకి మన కాళ్ళతోనే ఎక్కాలి, అదే బండి మీద కిందికి దిగాలి. నాది ముందు 150, వెనక 140.

ఈ రకం సైకిళ్ళకి కెనడా పుట్టిల్లు కాకపోయినా మేనమామ ఇల్లు అనొచ్చు. వాంకూవర్‌కి ఎదురుగా, ఇన్‌లెట్‌కి అవతల ఉన్న సైప్రెస్, ఫ్రోమ్, సీమోర్ కొండల్ని కలిపి నార్త్ షోర్ అంటారు. 1990లలో ఇక్కడి కుర్రాళ్ళు బురదకీ వేళ్ళకీ పైగా చెక్క వంతెనలు కట్టి తొక్కిన తొక్కుడు ప్రపంచమంతా పాకింది. ఈ దారుల్ని చూసుకోవడానికి 1997లో నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్ పుట్టింది. 1964లో మొదలైన నార్కో, 1981లో మొదలైన రాకీ మౌంటెన్ కంపెనీలు రెండూ ఈ చుట్టుపక్కలవే. విడిభాగాలు చేసే వన్‌అప్ కంపెనీ ఇక్కడికి గంట దూరంలోని స్క్వామిష్‌లో ఉంది.

ఇంకో సంగతి. కోవిడ్ రోజుల్లో, అంటే 2020, 2021లలో, సైకిళ్ళు దొరకలేదు. తర్వాత కంపెనీలు విపరీతంగా తయారు చేసి నిల్వలు అమ్ముకోలేక చిక్కుల్లో పడ్డాయి. 2024 డిసెంబరులో రాకీ మౌంటెన్ కూడా అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెళ్ళింది. కొనేవాడికి మాత్రం ఇందులో లాభం ఉంది: కొత్త ధరలో సగానికే మంచి సెకండ్ హ్యాండు బైకులు దొరికాయి. నేను కొన్నది కూడా అలాగే, 2,800 డాలర్లకి. అయితే పాత బండితో పాటు పాత యజమాని సెట్టింగులు కూడా వస్తాయి. వేరేవాళ్ళ సర్వరు మనకి అప్పగించినప్పుడు కాన్ఫిగరేషన్ ఫైలు చదవకుండా ప్రొడక్షన్‌లో పెడతామా? నేను సరిగ్గా అదే చేశాను.

స్ప్రింగు, డాంపరు

సస్పెన్షనులో రెండు భాగాలుంటాయని ముందు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది స్ప్రింగు. ట్రెయిలు బైకుల్లో ఎక్కువగా ఇది ఇనపచుట్ట కాదు, గదిలో బిగించిన గాలి. స్ప్రింగు పని బరువు మొయ్యడం. నొక్కితే శక్తిని దాచుకుంటుంది, వదిలితే తిరిగి ఇచ్చేస్తుంది. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి మంచం మీద పిల్లాడిలా ఎగురుతూనే ఉంటుంది.

రెండోది డాంపరు. మన ఆఫీసు తలుపు పైన ఒక చెయ్యిలాంటిది ఉంటుంది, తలుపు ధడాలున పడకుండా మెల్లగా మూస్తుంది. అందులో చిన్న రంధ్రం గుండా నూనె ప్రవహిస్తుంది. రంధ్రం చిన్నదైతే తలుపు నెమ్మదిగా, పెద్దదైతే వేగంగా మూసుకుంటుంది. ఫోర్కులోనూ షాకులోనూ అదే సూత్రం. లోపలికి కుంగే వేగాన్ని ఆపేది కంప్రెషను, తిరిగి పైకి లేచే వేగాన్ని ఆపేది రీబౌండు. స్ప్రింగు ఎంత దూరం కుంగాలో చెబుతుంది, డాంపరు ఎంత వేగంగా కదలాలో చెబుతుంది. చాలామంది, ఒకప్పుడు నేను కూడా, దూరం తప్పయితే వేగాన్నీ, వేగం తప్పయితే దూరాన్నీ తిప్పుతుంటారు.

మొదటి మెట్టు: శాగ్

బండి మీద ఊరికే నిలబడితే మన బరువుకి సస్పెన్షను కొంత కుంగుతుంది. దీన్ని శాగ్ అంటారు. ఇది లోపం కాదు, అవసరం. చక్రం గుంటలోకి దిగాలంటే కిందికి సాగడానికి కొంత చోటు ఉండాలి కదా! ట్రెయిలు బైకుకి వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం మంచి ఆరంభం. మీ బండి తయారీదారు వేరే అంకె చెబితే దాన్నే పాటించండి.

వెనక శాతాన్ని చక్రం ట్రావెలుతో కాకుండా షాకు స్ట్రోకుతో లెక్కపెట్టాలి. నా షాకు స్ట్రోకు 55 మి.మీ., చక్రం కదిలేది 140. అంటే షాకు ఒక మిల్లీమీటరు కుంగితే చక్రం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు కదులుతుంది. 30 శాతం శాగ్ కావాలంటే షాకు మీద 16.5 మి.మీ. కనిపించాలి. ముందు ఫోర్కుకి 150లో 20 శాతం, అంటే 30 మి.మీ.

కొలిచే పద్ధతి ఇదీ. హెల్మెట్టు, బూట్లు, నీళ్ళతో సహా సంచీ, అన్నీ తగిలించుకోండి. నా బరువు 72 కిలోలు, సరంజామాతో 78. షాకు మీద మిట్ట ఎక్కేటప్పుడు బిగించే లీవరు ఉంటే పూర్తిగా తెరవండి. గోడకి ఆనుకునో, ఒకరి చేత పట్టించుకునో బండెక్కి, పెడళ్ళ మీద నిలబడి, దిగువకి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటారో అలా వంగండి. రెండుసార్లు కుంగించి స్థిరంగా నిలబడండి. ఫోర్కు కాలి మీదా, షాకు మీదా ఉండే రబ్బరు ఓ-రింగుల్ని సీలు దాకా జరపమని సాయం చేసేవారితో చెప్పి, కుదుపు లేకుండా దిగండి. ఓ-రింగు ఎంత జరిగిందో స్కేలుతో కొలవండి.

కట్టు విప్పాక గరాజులో ఇది చేశాం. స్కేలు మా ఆవిడ చేతిలో ఉంది. వెనక 7 మి.మీ., అంటే 13 శాతం. ముందు 12 మి.మీ., అంటే 8 శాతం. అంతకు ముందే అనుమానం వచ్చి బండి అమ్మినాయనకి సందేశం పంపాను: "మీ బరువెంతో చెబుతారా?" జవాబు వెంటనే వచ్చింది: "215 పౌన్లు." అంటే 97 కిలోలు. నాకంటే పాతిక కిలోలు ఎక్కువ. ఆయన కోసం నింపిన గాలి మీద మూడు నెలలు తొక్కాను. గట్టి బల్ల మీద కూర్చుని కొండ దిగానన్నమాట.

గాలి తగ్గించాలన్నా పెంచాలన్నా షాకు పంపు కావాలి, టైరు పంపు పనికిరాదు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పంపు తగిలించగానే గదిలోంచి కొంత గాలి గొట్టంలోకి వస్తుంది కాబట్టి మీటరు నిన్నటికంటే తక్కువ చూపిస్తుంది. లీకు అని కంగారు పడకండి. గాలి మార్చిన తర్వాత ఫోర్కునీ షాకునీ పదిసార్లు మెల్లగా కుంగించి, మళ్ళీ మీటరు చూడండి. లోపల ఎదురు స్ప్రింగుగా పనిచేసే రెండో గాలిగది ఉంటుంది, అది సర్దుకోవాలి. నా ఫోర్కు 102 పి.ఎస్.ఐ. నుంచి 78కి, షాకు 245 నుంచి 180కి దిగాయి. ఈ అంకెలు నా బండివి, మీరు కాపీ చెయ్యకండి. మీరు అందుకోవలసింది శాగ్ శాతాన్ని.

రెండో మెట్టు: రీబౌండు

గాలి సరిచేసి ఉత్సాహంగా కొండకి వెళ్ళాను. బండి ఇంకా ఘోరంగా ఉంది! మొదటి వేరు బాగానే మింగింది, రెండోది కొంచెం కొట్టింది, నాలుగోది మోచేతుల దాకా తగిలింది. ముందు భాగం మునిగిపోతున్నట్టుంది. కారణం ఆలోచిస్తే తేలికే. గాలి పీడనం ఎక్కువైతే స్ప్రింగు బలంగా వెనక్కి తంతుంది, దాన్ని ఆపడానికి రీబౌండు ఎక్కువ బిగించాలి. 97 కిలోల మనిషి అలాగే బిగించుకున్నాడు. నేను గాలి తగ్గించాను గానీ రీబౌండు అలాగే వదిలేశాను. నీరసించిన స్ప్రింగు, బిగుసుకున్న డాంపరు. ఒక వేరుకి కుంగిన ఫోర్కు పైకి లేచేలోపే రెండో వేరు వచ్చేస్తోంది. నాలుగో వేరుకి ట్రావెలు మిగల్లేదు. రెండు పారామీటర్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నప్పుడు ఒక్కదాన్నే మారిస్తే ఏమవుతుందో మనకి చెప్పాలా?

రీబౌండు మీటని కుడివైపు తిప్పితే బిగుస్తుంది. పూర్తిగా బిగించి, అక్కడినుంచి ఎన్ని క్లిక్కులు వెనక్కి వచ్చామో లెక్కపెట్టడం ఆనవాయితీ. తయారీదారు పట్టికలో మీ పీడనానికి ఎన్ని క్లిక్కులో ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. తర్వాత బైనరీ సెర్చి చెయ్యండి. వేళ్ళు ఉన్న రెండు నిమిషాల దారి ఒకటి ఎంచుకుని, ఒకసారి బాగా తెరిచి, ఒకసారి బాగా బిగించి, నెమ్మదిగా తొక్కి చూడండి. మరీ తెరిచి ఉంటే బండి గుర్రంలా తన్ని పైకి లేస్తుంది, చక్రం నేలని వదులుతుంది. మరీ బిగిస్తే నేను చెప్పినట్టు మునిగిపోతుంది. ఆ రెండిటి మధ్య సగం, మళ్ళీ సగం. నాలుగు ప్రయత్నాల్లో మీ అంకె దొరుకుతుంది. సందేహంగా ఉంటే కొంచెం వేగం వైపే ఉంచండి.

కంప్రెషను మీటలు ఉంటే మొదట పూర్తిగా తెరిచి వదిలెయ్యండి. లో స్పీడు, హై స్పీడు అని రాసి ఉంటుంది. ఆ వేగం సైకిలుది కాదు, ఫోర్కు లోపలి కడ్డీది. బ్రేకు వేస్తే ముందు భాగం నెమ్మదిగా మునగడం లో స్పీడు, రాయి తగిలి ఠక్కున కుంగడం హై స్పీడు. బ్రేకు వేసినప్పుడు బాగా మునుగుతోందనిపిస్తే లో స్పీడు రెండు క్లిక్కులు కలపండి.

శాగ్ సరిగ్గా ఉన్నా చిన్న దూకుళ్ళకే ట్రావెలంతా అయిపోయి ఠంగుమంటోందా? అప్పుడు గాలి పెంచకండి. గాలిగదిలో ప్లాస్టిక్ బిళ్ళలు వేసి గది ఘనపరిమాణం తగ్గించండి. బాయిల్ సూత్రం గుర్తుందా? ఉదాహరణకి గాలి స్తంభం పొడవు 210 మి.మీ. అనుకుందాం. 150 కుంగితే మిగిలేది 60, అంటే పీడనం మూడున్నర రెట్లు. బిళ్ళలతో స్తంభాన్ని 200 చేస్తే మిగిలేది 50, అంటే నాలుగు రెట్లు. కానీ 30 మి.మీ. శాగ్ దగ్గర మొదటిది 1.17 రెట్లు, రెండోది 1.18 రెట్లు. మొదట్లో మెత్తదనం అలాగే ఉంది, చివర్లో మాత్రం గట్టిపడింది. ఇది ఉజ్జాయింపు లెక్కే గానీ, ఆ బిళ్ళలు ఎందుకో తెలియడానికి చాలు.

చలి లెక్క

మన దేశంలో ఎవరూ చెప్పని, ఇక్కడ అందరికీ కావలసిన లెక్క ఇది. గరాజులో 22 డిగ్రీల దగ్గర ఫోర్కులో 80 పి.ఎస్.ఐ. నింపారు. కొండ మీద 2 డిగ్రీలు. కెల్విన్లలో 295 నుంచి 275కి, అంటే సుమారు 7 శాతం తగ్గుదల. వాతావరణ పీడనం 14.7 కలిపి లెక్కవేస్తే మీటరు మీద 80 కాస్తా 74 దగ్గరికి వస్తుంది. టైర్లో 24 ఉంటే 21.5 అవుతుంది. పైగా చలికి డాంపరు నూనె చిక్కబడి రీబౌండు నెమ్మదిస్తుంది. అందుకని శీతాకాలంలో బండిని అరగంట బయట ఉంచి గాలి చూడండి, రీబౌండు ఒకటి రెండు క్లిక్కులు తెరవండి. కాల్గరీ, ఒట్టావాల్లో ఉన్నవారికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మూడో మెట్టు: టైరు

నేల మీద ఆనేది టైరు ఒక్కటే. నేను పడిన రోజున రెండు టైర్లలోనూ 35 పి.ఎస్.ఐ. ఉంది. బండి దుకాణం నుంచి వచ్చినప్పుడు ట్యూబుల కోసం ఎవరో కొట్టిన గాలి అయ్యుండాలి. అంత గాలి ఉంటే టైరు వేరుని కావలించుకోదు, దాని మీద నుంచి జారుతుంది.

1999లో మావిక్ కంపెనీ కొండ సైకిళ్ళకి ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చాక టైర్లలో తక్కువ గాలి పెట్టడం సాధ్యమైంది. ట్యూబు నొక్కుకుని పంక్చరయ్యే బాధ లేదు. చిన్న ముల్లు దిగితే లోపలి సీలెంటు ద్రవం పూడ్చేస్తుంది. ఈ ద్రవం కొన్ని నెలల్లో ఆరిపోతుంది, సీజనుకి రెండుసార్లైనా పొయ్యాలి. సరంజామాతో 78 కిలోల నాకు, 2.4 అంగుళాల టైర్లలో, ముందు 22, వెనక 25 పి.ఎస్.ఐ. కుదిరింది. రిమ్ము రాయికి తగులుతున్న చప్పుడు వస్తే ఒకటి పెంచండి, మలుపులో టైరు వంకరపోతున్నట్టుంటే ఒకటి పెంచండి, వేళ్ళ మీద జారితే ఒకటి తగ్గించండి. పెద్ద పంపు మీటరుని ఈ అంకెల దగ్గర నమ్మలేం. జేబులో పట్టే డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కోండి.

బ్రేకు లీవర్లు కూడా ఈ మెట్టులోవే, పైసా ఖర్చు లేదు. పెడళ్ళ మీద నిలబడి వంగినప్పుడు మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా ఒకే గీత ఉండేలా లీవరు కోణం తిప్పండి. చూపుడువేలు ఒక్కటే లీవరు కొసకి అందేలా జరపండి. మిగతా మూడు వేళ్ళు హాండిల్ బారు పట్టుకోవాలి. నాలుగు వేళ్ళతో బ్రేకు పట్టడం మన ఊరి అలవాటు. ఇక్కడ ఆ అలవాటు ప్రమాదం.

ఇప్పుడు అప్‌గ్రేడు

నేను చేసిన తప్పుల వరస చెబుతాను. చేతులు నొప్పి పుడుతున్నాయని 250 డాలర్లు పెట్టి కార్బన్ హాండిల్ బారు కొన్నాను, అదిరేది తగ్గుతుందని. తర్వాత 1,100 డాలర్లతో తేలిక చక్రాలు. పడకపోయి ఉంటే కొత్త ఫోర్కు కూడా కొనేవాణ్ణి. చక్రాలు 400 గ్రాములు తగ్గించాయి. బండి 15 కిలోలు, నేను 78, మొత్తం 93. నాలుగు వందల గ్రాములంటే 0.4 శాతం! చక్రం తిరిగే వస్తువు కాబట్టి వేగం పుంజుకునేటప్పుడు దాని బరువు రెట్టింపుగా లెక్కవేసినా ఒక శాతం లేదు. కొలవకముందే మెరుగుపరచడం అన్ని అనర్థాలకీ మూలమని డోనాల్డ్ కనూత్ 1974లో ప్రోగ్రాముల గురించి హెచ్చరించాడు. చదువుకున్నాను, పరీక్ష రాశాను, సైకిలు దగ్గర మరచిపోయాను.

ఇప్పుడు నా వరస ఇది.

ముందు చక్రం టైరు. తడి వేళ్ళ మీద రబ్బరు మెత్తదనమే ప్రాణం. ఒకే టైరు మూడు రకాల రబ్బరుతో దొరుకుతుంది. మాక్సిస్‌లో ముందుకి మెత్తని మాక్స్‌గ్రిప్, వెనకకి కాస్త గట్టి మాక్స్‌టెర్రా పెట్టుకున్నాను. మెత్తనిది త్వరగా అరుగుతుంది, ఎక్కేటప్పుడు లాగుతుంది. ముందుకి మాత్రం పరవాలేదు. సుమారు 110 డాలర్లు. టొరంటోలో డాన్ లోయ ఎండిన మట్టికి ఇంత మెత్తనిది అక్కర్లేదు.

బ్రేకులు. 180 మి.మీ. రోటరు తీసి 203 పెడితే అదే వేలిబలానికి సుమారు 13 శాతం ఎక్కువ పట్టు వస్తుంది, లీవరు చెయ్యి ఆ నిష్పత్తిలో పొడవైంది కాబట్టి. మీ ఫోర్కు, ఫ్రేము ఎంత రోటరుని ఒప్పుకుంటాయో చూసుకోండి. వానలో మెటాలిక్ ప్యాడ్లు మన్నుతాయి. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ వీధిలో ఇరవై సార్లు వేగం పెంచి, పూర్తిగా ఆగకుండా తగ్గించి, వాటిని మరిగించాలి. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిలు. స్రామ్ బ్రేకుల్లో చాలాకాలం డాట్ ద్రవం వాడారు, 2024లో వచ్చిన మేవెన్‌లో మినరల్ ఆయిలు. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్ళు పాడై బ్రేకు పోతుంది.

డ్రాపర్ పోస్టు. బటను నొక్కితే సీటు కిందికి దిగే కడ్డీ ఇది. దిగువలో సీటు అడ్డు లేకపోతే శరీరం స్వేచ్ఛగా కదులుతుంది. మీ బండికి పొట్టిది ఉండి, ఫ్రేములో చోటుంటే పొడుగుది మంచి ఖర్చు.

సర్వీసు. కొత్త ఫోర్కు కొనేముందు ఉన్నదానికి నూనె మార్పించండి. రాక్‌షాక్స్ తన ఫోర్కులు చాలావాటికి 50 గంటలకోసారి కింది కాళ్ళ సర్వీసు, 200 గంటలకోసారి పూర్తి సర్వీసు చెయ్యమంది. వారానికి నాలుగు గంటలు తొక్కితే మూడు నెలలకోసారి అన్నమాట. మా తెనాలి షాపతని ఓవరాయిలింగే ఇది, బాల్సులకి బదులు సీళ్ళు. నా ఫోర్కు విప్పినప్పుడు కారింది నూనె కాదు, బూడిదరంగు నీళ్ళు.

గేర్లు, చక్రాలు, ఫ్రేముకి సంబంధించినవి ఆఖరున. అవి విరిగినప్పుడో అరిగినప్పుడో మార్చండి. చెయిను కొలిచే గేజి పదిహేను డాలర్లకి వస్తుంది. 12 గేర్ల చెయిను 0.5 శాతం సాగగానే మార్చేస్తే వెనక పళ్ళచక్రాలు బతుకుతాయి, అవి చెయినుకంటే ఎన్నో రెట్లు ఖరీదు.

డిపెండెన్సీల నరకం

ఏ వస్తువైనా కొనేముందు వెర్షన్లు చూసుకోండి. సాఫ్ట్‌వేరు లైబ్రరీలు నయమనిపిస్తాయి. వెనక హబ్బు వెడల్పు పాత బండ్లలో 142, సుమారు 2015 తర్వాతి వాటిలో ఎక్కువగా 148 మి.మీ. ముందు 100 లేదా 110. గేర్ల పళ్ళచక్రాలు కూర్చునే ఫ్రీహబ్బు మూడు రకాలు: షిమానో పాత హెచ్‌జీ, షిమానో 2018లో తెచ్చిన మైక్రో స్ప్లైన్, స్రామ్ ఎక్స్‌డీ. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. డిరెయిలరు బిగించే హాంగరుకి స్రామ్ 2019లో యూడీహెచ్ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చింది. 2023 నుంచి వచ్చిన వారి ట్రాన్స్‌మిషను గేర్లు ఆ ప్రమాణపు ఫ్రేముకి తప్ప బిగియవు. ఫోర్కు 10 మి.మీ. పొడుగుది వేస్తే ముందు కోణం సుమారు అర డిగ్రీ వాలుతుంది, పెడళ్ళు కొంచెం పైకి లేస్తాయి. ఫ్రేము తయారీదారు అనుమతించిన దానికంటే పొడుగుది వేస్తే వారంటీ పోవడమే కాదు, తలగొట్టం దగ్గర ఫ్రేము విరగొచ్చు.

బిగించేటప్పుడు టార్కు రెంచి వాడండి. ఎన్ని న్యూటన్ మీటర్లో వస్తువు మీదే అచ్చువేసి ఉంటుంది, స్టెమ్ము బోల్టులకి ఎక్కువగా 5 దగ్గర. కార్బన్ హాండిల్ బారుని చేతి అంచనాతో బిగిస్తే పగులు కనబడదు, కొండ మీదే తెలుస్తుంది.

నోటుపుస్తకం

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఉష్ణోగ్రత, మీ బరువు, ముందు వెనక గాలి, శాగ్, క్లిక్కులు, టైర్లు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది నచ్చకపోతే పాత అంకెకి తిరిగి వెళ్ళండి. అమ్మేటప్పుడు ఆ పుస్తకం కూడా ఇచ్చెయ్యండి, కనీసం మీ బరువు రాసి. కొనేవాడి మణికట్టుకి మీరు చేసే ఉపకారం అది.

ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి రోజు ఫ్రోమ్ కొండ మీద, మౌంటెన్ హైవే అని పిలిచే కంకరదారిన ఎక్కి, బాబ్‌స్లెడ్ అనే నున్నటి తేలిక దారిన దిగాను. రెండు వారాల తర్వాత పడిన చోటికి వెళ్ళాను. వాన పడుతోంది. నడుచుకుంటూ దిగి ఆ వేరుని ఒకసారి చూసి, పైకి నడిచి వెళ్ళి తొక్కాను. ముందు చక్రం వేరు మీద ఎక్కి దిగింది, ఫోర్కు కుంగి లేచింది. అంతే. అక్కడ చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. ఆ దారిలో నన్ను నిలబెట్టినవాటి ఖర్చు ఒక టైరు, ప్యాడ్లు, రోటర్లు కలిపి మూడు వందల డాలర్ల లోపు. మిగిలిందంతా గాలి, క్లిక్కులు.

మా ఆవిడ అమ్మమనడం మానేసింది. శాగ్ కొలవాలంటే స్కేలు తనే తెస్తుంది. మొన్న ఫోన్లో నాన్నగారికి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అంటే గాలి చూసుకోకుండా బయల్దేరావన్నమాట" అన్నారు.